పదం నెత్తిన అంకె

ఆ పేపరు ముక్కని టీ మిషను పక్కన గోడకి ఎవరు అతికించారో గానీ, వాళ్ల చెయ్యి పడిపోను, సరిగ్గా కళ్లకెదురుగా అతికించారు. టీ పట్టుకునే వంకతో ఒక్కొక్కరూ రావడం, చదవడం, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం. పొద్దుట్నుంచీ ఇదే తంతు.

కొత్తమ్మాయి కూడా వెళ్లి చదివింది. ట్రస్టు నడిపే ఈ నిఘంటువు ఆఫీసులో చేరి నాలుగేళ్లు దాటింది గానీ, ఆమె తర్వాత ఇంకెవర్నీ తీసుకోలేదు కాబట్టి ఆమె ఇప్పటికీ అందరికీ కొత్తమ్మాయే.

"మన కొత్త ఆన్‌లైను నిఘంటువు ప్రకారం దీపం ఆరిందంటే ఐదుకి ఒకటి కలిసిందని అర్థం. చెమట కారిందంటే నాలుగు చక్రాల బండి వచ్చిందని అర్థం. కత్తి నూరాలనుకుంటే ముందు వంద దాకా లెక్కపెట్టుకోండి" అని రాశాడు ఎవడో కాలమిస్టు. చెమట దగ్గర ఆమెకీ నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు వెంటనే సిగ్గేసింది. మూల బల్ల దగ్గర కూచున్న మనిషి వైపు చూడబుద్ధి కాలేదు.

ఆ మనిషిని ఆఫీసంతా చాటుగా అంకెలాయన అంటారు, ఎదురుపడితే మాస్టారూ అంటారు. చూడ్డానికి ఒకేలా ఉండి పుట్టుక వేరైన మాటలు ఏ భాషలోనైనా బోలెడు. వాటన్నిటినీ ఒక గంపలో వెయ్యకుండా, దేనికి దానికి విడిగా ఎంట్రీ ఇచ్చి నెత్తిన చిన్న అంకె పెడతారు. ఆరు ఒకటి, ఆరు రెండు. అయితే ఒక మాటకే రెండర్థాలున్నాయా, లేక అసలు ఇవి రెండు మాటలా అని తేల్చడం ఆషామాషీ కాదు. ఒక్కోదాని కోసం ఆయన పాత పుస్తకాలు గుట్టలుగా పేర్చుకుని, ముక్కు పుటకి ఆనేలా చదివి, తేలకపోతే ఇంటికి మోసుకుపోయేవాడు. పాత అచ్చు నిఘంటువు మీద పనిచేసినవాళ్లలో మిగిలిన చివరి మనిషి ఆయనే. ఆయన తేల్చినదాన్ని కోణపు బ్రాకెట్ల మధ్య ట్యాగులు పెట్టి కంప్యూటరులోకి ఎక్కించడం కొత్తమ్మాయి పని. ఇద్దరివీ పక్కపక్క బల్లలు.

ఆమె రెండు కప్పులు పట్టుకుని వెళ్లి ఒకటి ఆయన ముందు పెట్టింది.

"చదివావా?" అన్నాడు ఆయన తల ఎత్తకుండా.

"చదివాను మాస్టారూ."

"బాగా రాశాడు కదూ వెధవ! చెమట దగ్గర నేనూ నవ్వాను."

"మీరు నవ్వుతారేంటి మాస్టారూ, నాకు కడుపు మండిపోతుంటే?"

"మంట టీ తాగితే తగ్గుతుంది. తాగు." కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని కళ్లు నలుపుకున్నాడు. నవ్విన మనిషి కళ్లలా లేవు అవి. రాత్రి నిద్రపోయినట్టు కూడా లేడు. "గురువారం ట్రస్టు వాళ్ల కమిటీ అట. బాధ్యులెవరో తేలుస్తారట. మెయిలు చూశావుగా?"

చూసింది. అందులో ఎవరి పేరూ లేదు. ఉండక్కర్లేదు కూడా. ఈ ఫైళ్లలో ఎవరు చిన్న కామా మార్చినా వాళ్ల పేరు పక్కనే పడుతుంది. అంకెలు మారిన ప్రతి చోటా అంకెలాయన పేరే ఉంది. కమిటీకి ఇంకేం కావాలి?

కానీ మార్చమన్నదెవరో ఆమెకి తెలుసు. తన చెవులతో విన్నది.

క్రితం నెల ఒక మధ్యాహ్నం ప్రాజెక్టు హెడ్డు వాళ్ల బల్లల దగ్గరికి వచ్చాడు. మంచి బట్టలు, మంచి మాట. ఎవర్నీ గట్టిగా ఒక్క మాట అని ఎరగడు. ఫోను చూపిస్తూ, "చూడండి మాస్టారూ, కారు అని కొడితే బండి రావడం లేదు. ఏదో ద్రవం జారడం అని వస్తోంది. ఫోన్లో పైన కనపడేది ఒక్కటే కదా, జనం నవ్వుతున్నారు. ఎక్కువమందికి కావాల్సినదాన్ని ఒకటో నంబరు చేసెయ్యండి. అన్ని మాటలకీ" అన్నాడు.

"చెయ్యకూడదండీ" అన్నాడు అంకెలాయన. "మనం ఐడీలన్నీ అంకెతోనే కట్టాం. అంకె కదిలిందంటే, దాన్ని నమ్ముకున్న చూడులన్నీ వేరే మాట మీదికి పోతాయి."

చూడు అంటే వాళ్ల ఆఫీసు భాషలో లింకు. 'చల్లారు' దగ్గర 'చూడు: ఆరు ఒకటి' అని ఉంటుంది. దాని మీద నొక్కితే దీపం ఆరడం, తడి ఆరడం చెప్పే ఎంట్రీకి పోవాలి. ఆ ఒకటిని రెండు చేసి, ఆరంకెని తెచ్చి ఒకటిలో కూచోబెడితే, 'చల్లారు' నొక్కినవాడు వెళ్లి లెక్కల్లో పడతాడు. ఇలాంటి చూడులు వేలల్లో ఉన్నాయి. కంప్యూటరు మాటని గుర్తుపట్టే ఐడీ వేరే, పైకి కనపడే అంకె వేరే ఉంటే ఈ తిప్పలు ఉండేవి కాదు. కానీ ప్రాజెక్టు మొదట్లో త్వరగా అవుతుందని అంకెనే ఐడీలో కలిపి కట్టేశారు.

"మీరు కదిలించండి మాస్టారూ. తర్వాతి సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు హెడ్డు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "నేను చూసుకుంటానన్నానుగా" అని మళ్లీ నవ్వాడు.

అంకెలాయన చాలాసేపు స్క్రీను వంక చూస్తూ కూచుని, ఆ తర్వాత కదిలించడం మొదలుపెట్టాడు. ఆ మాట కాగితం మీద లేదు, మెయిల్లో లేదు. ఉన్నదల్లా కొత్తమ్మాయి చెవుల్లోనే.

*

అక్క ఇస్త్రీ చేస్తోంది. బావ చొక్కాలు ఒక పక్క, పిల్లల యూనిఫాంలు ఒక పక్క. కొత్తమ్మాయి నేల మీద కూచుని అందుకుని మడతపెడుతూ సంగతంతా చెప్పింది. తన పాప, అక్క పిల్లలతో లోపల గదిలో ఏదో ఆటలో ఉంది.

"నోరు మూసుకుని కూచో" అంది అక్క, కాలరు మీద నీళ్లు చల్లుతూ. "నువ్వేమైనా వకీలువా?"

"నాకు పని నేర్పింది ఆయనేనక్కా."

"నేర్పితే నేర్పాడు. దండం పెట్టు. దండం పెడితే ఉద్యోగం పోదు."

"నేను చెప్పకపోతే ఆయన పోతాడు."

"నువ్వు చెప్తే? ఆ హెడ్డు నిన్ను నెత్తిన పెట్టుకుంటాడా? కాంట్రాక్టు ఉద్యోగం నీది. నిన్ను తీసెయ్యడానికి కమిటీ కూడా అక్కర్లేదే, తలుపు దగ్గర వాచ్‌మన్ చాలు." ఇస్త్రీపెట్టె నిలబెట్టి చెల్లెలి మొహంలోకి చూసింది. "మొగుడి ఇంట్లోంచి చంటిదాన్ని వేసుకుని వచ్చిననాడు నీ చేతిలో ఏముంది చెప్పు? ఇప్పుడిప్పుడే కదా నిలబడుతున్నావు. మళ్లీ నువ్వు ఆ మూల కూచుని ఏడుస్తుంటే చూసే ఓపిక నాకు లేదమ్మా."

బావ అప్పుడే వచ్చాడు. కాళ్లు కడుక్కుని, తువాలుతో తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఆఖరి మాటలు విన్నాడు.

"ఏదేమైనా ఇక్కడ నీకు చోటుందమ్మా" అన్నాడు. "పాపకి ఏ లోటూ రానివ్వం. నువ్వు దాని గురించి బెంగపెట్టుకోకు."

మంచివాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మంచితనమే ఆమెకి ఊపిరాడనివ్వదు. వాళ్ల తల్లీకూతుళ్ల పరుపు వెయ్యడానికి ముందుగదిలో ఆయన సైకిలు తీసి బయట వానలో పెట్టాల్సొచ్చింది. గొలుసు తుప్పుపట్టింది. ఆయన ఒక్కనాడు కూడా ఆ మాట ఎత్తలేదు. నెల జీతంలోంచి ఇంత అక్క చేతిలో పెట్టిననాడు మాత్రమే ఆమె ఈ ఇంట్లో రెండోసారి అన్నం పెట్టించుకోగలదు.

"సరేలే అక్కా, నాకెందుకు" అంది. ఆ మాట అన్నాక కాస్త తేలికపడింది. తేలికపడ్డందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

*

మర్నాడు హెడ్డు పిలిచాడు. కూచోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు, పాప ఏ క్లాసని అడిగాడు.

"గురువారం మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. ఒకవేళ అడిగినా, పని ఒత్తిడిలో ఎప్పుడెవరేమన్నారో ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?" అన్నాడు.

ఆమె గ్లాసు అంచు చూస్తూ కూచుంది.

"మాస్టారంటే నాకూ గౌరవమే. కానీ ఈ పద్ధతులు ఆయనకి కొత్త. వయసైపోయింది. ఇలా బయటపడకముందే ఆయన్ని గౌరవంగా పంపించి ఉండాల్సింది. ఆ తప్పు మాత్రం నాదే." నిజంగా బాధపడుతున్నట్టే తల ఆడించాడు. "ఆ బల్లకి మనకి ఒక మనిషి కావాలి. పర్మనెంటు పోస్టు. పని తెలిసినవాళ్లు మీరు తప్ప ఇంకెవరున్నారు?"

బెదిరించి ఉంటే ఎదురు తిరిగేదేమో. ఇలా మెత్తగా అనేసరికి గ్లాసు బల్ల మీద పెట్టేసింది. లేచి, అలవాటు కొద్దీ "థాంక్యూ సార్" అని బయటికొచ్చింది. వరండాలో నాలుగడుగులు వేశాక గానీ తను దేనికి థాంక్యూ చెప్పిందో తట్టలేదు.

బల్ల దగ్గర అంకెలాయన పనిలో ఉన్నాడు. బయట కొంప మునుగుతుంటే ఈయన తాపీగా 'క' అక్షరం తెరుచుకుని కూచున్నాడు. ప్రతి ఎంట్రీకి ఏ అర్థమూ లేని ఒక కొత్త ఐడీ ఇస్తున్నాడు. ఇక మీదట అంకె అటు మారినా ఇటు మారినా ఈ ఐడీ కదలదు. ఆ తర్వాత ఒక్కొక్క చూడునీ తెరిచి, అది ఏ మాటని ఉద్దేశించిందో చదివి, దాన్ని ఆ ఐడీకి కట్టడం.

"పాత కాపీ తిరిగి పెట్టేస్తే పోదా మాస్టారూ?"

"పోదు. మార్చాక నెలరోజులు అందరూ దాని మీదే పనిచేశారుగా. కొన్ని చూడులు పాత అంకెలకి, కొన్ని కొత్త అంకెలకి. పప్పూ బియ్యం కలిసిపోయినట్టు కలిసిపోయాయి. ఏరుకోవాల్సిందే. మిషను ఏరలేదు, ఏరాలంటే చదవాలి." స్క్రీను ఆమె వైపు తిప్పాడు. "ఇటు చూడు. 'కన్నీరు కారు.' ఇది ఎటు పోవాలి?"

"మాస్టారూ, నేను కమిటీలో చెప్తాను."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. రాత్రి అక్కతో అన్న మాట ఏమైందో, లోపల తాగిన మంచినీళ్లు ఏమయ్యాయో.

"ఎటు పోవాలి అని అడిగాను."

"మూడుకి. ద్రవం జారడం. మాస్టారూ, వినండి, హెడ్డు మిమ్మల్ని అంకెలు మార్చమన్నప్పుడు నేనిక్కడే ఉన్నాను. మీరు వద్దన్నారు. ఆయన తను చూసుకుంటానన్నాడు, రెండుసార్లు అన్నాడు. అదంతా చెప్తాను."

"చెప్పి?"

"చెప్పి ఏముంది? నిజం తెలుస్తుంది."

"ఓహో!" అన్నాడు ఆయన. ముక్కు మీద ఉండే కోపం అప్పుడు మొహమంతా పాకింది. "నిజం తెలిశాక ఆ ట్రస్టు పెద్దావిడ హెడ్డుని పంపించేసి మనిద్దరికీ శాలువాలు కప్పుతుంది! పిచ్చిదానా, హెడ్డుని తెచ్చిందే ఆవిడ. నోర్మూసుకుని 'కన్నీరు కారు' కట్టు. మూడు కాదు, ఇప్పుడిచ్చిన కొత్త ఐడీకి కట్టు. అంకెని నమ్మొద్దని పొద్దుట్నుంచీ మొత్తుకుంటున్నాను."

ఆమె కట్టింది. కళ్లు మసకబారి ఒక అక్షరం తప్పు పడితే, ఆయన ఏమీ అనకుండా తన వేలితో స్క్రీను మీద ఆ చోటు చూపించాడు.

ఆ తర్వాత మధ్యాహ్నమంతా ఇద్దరూ పనిమాట తప్ప మరో మాట మాట్లాడుకోలేదు. ఆయన చెప్తున్నాడు, ఆమె రాసుకుంటోంది. ఏ అక్షరంలో ఎక్కువ చిక్కులుంటాయో, ఎక్కడ పాత పుస్తకమే తప్పో, తనకి కూడా ఇప్పటికీ తేలని మాటలేవో. ఎప్పుడూ అడిగితే గానీ చెప్పని మనిషి అడగకుండానే చెప్పుకుపోతున్నాడు. ఆయన పోవడానికే సిద్ధపడ్డాడని ఆమెకి అర్థమైంది. అర్థమైన కొద్దీ, చెప్పి తీరాలన్న పట్టుదల పెరిగింది.

*

కమిటీ గదిలో పొడుగు బల్ల. ఒక పక్క ట్రస్టు పెద్దావిడ, ఆవిడకి అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. మరో పక్క హెడ్డు, అంకెలాయన. సిబ్బంది గోడవార కుర్చీల్లో. అంకెలాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అందులో ఆయన ఇంకా బక్కగా కనిపించాడు.

హెడ్డు చాలా బాగా మాట్లాడాడు. ఎవర్నీ నిందించలేదు. "సాంకేతికమైన పొరపాటు" అన్నాడు, "సమన్వయ లోపం" అన్నాడు. చివర్లో గోడ మీది తెర మీద మార్పులన్నీ చూపించాడు. వరసగా కిందికి దిగుతూ ఒకే పేరు.

పెద్దావిడ కళ్లజోడు సవరించుకుని చూసింది. "ఇవన్నీ మీరే చేశారాండీ?"

"నేనే చేశానమ్మా" అన్నాడు అంకెలాయన.

"ఎవర్నీ అడక్కుండా?"

ఆయన జవాబు చెప్పేలోపే కొత్తమ్మాయి లేచి నిలబడింది. పక్క కుర్చీ వీపు పట్టుకుంది.

"మేడం, హెడ్డు గారే మార్చమన్నారు. మాస్టారు వద్దన్నారు. లింకులు పోతాయని చెప్పారు. అయినా మార్చమన్నారు. తర్వాత తను చూసుకుంటానన్నారు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను."

హెడ్డు మొహంలో రంగు మారడం ఆమె మొదటిసారి చూసింది. అనేశాను, దేవుడా, అనేశాను అనుకుంది. భయంగానూ ఉంది, ఏదో కొండ దించుకున్నట్టూ ఉంది. పాప మొహం ఒక్క క్షణం కళ్ల ముందు మెదిలింది. ఫరవాలేదు, ఏదో ఒకటి చేసుకుని బతుకుతాం అనుకుంది.

పెద్దావిడ అంకెలాయన వైపు తిరిగింది. "నిజమేనా?"

ఆయన కొత్తమ్మాయి వైపు చూడలేదు. చేతులు రెండూ బల్ల మీద పెట్టి, వాటినే చూస్తూ చెప్పాడు.

"ఈ అమ్మాయి పొరబడిందమ్మా. అంకెని ఐడీలో కలిపి కట్టింది నేను. అది మొదటి తప్పు. కదిలించింది కూడా నేనే. హెడ్డు గారు ఏదో మామూలుగా అడిగితే, నేనే అయిపోతుందన్నాను. ఆ రోజు ఈ అమ్మాయి ఆ గదిలో లేదు. నామీద అభిమానం కొద్దీ అంటోంది. పట్టించుకోకండి."

"మాస్టారూ!" అంది ఆమె.

"కూచోమ్మా" అన్నాడు ఆయన. ఆ గొంతులో కోపం లేదు. బతిమాలుతున్నాడు.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. గోడవార కుర్చీల్లోంచి అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆయన అబద్ధం చెప్తున్నారు మేడం, నేను ఉన్నాను, హెడ్డు నా పక్కనే నిలబడి అన్నాడు అని అరవాలి. అరవడానికే నోరు తెరిచింది. గాలి మాత్రం వచ్చింది. అప్పుడు, ఆ తెరిచిన నోటితోనే, లోపల ఎక్కడో అడుగున, ఉద్యోగం పోలేదు అని తోచింది. పట్టుకున్న కుర్చీ వీపు వదిలేసింది. కూచుంది.

ఆ కూచోవడాన్ని ఆమె తర్వాత చాలా రోజులు క్షమించుకోలేకపోయింది. ఎవరూ ఆమె భుజం పట్టి కూచోబెట్టలేదు. తనే కూచుంది.

హెడ్డు గొంతు సవరించుకుని, "పాపం, చిన్నపిల్ల. మంచి మనసు" అన్నాడు. పెద్దావిడ కూడా నవ్వింది. మిగతాదంతా తొందరగా అయిపోయింది. ఇన్నేళ్లు సేవ చేసినందుకు అంకెలాయనకి కృతజ్ఞతలు చెప్పి, ఇవ్వాళ్టితో విశ్రాంతి తీసుకోమన్నారు.

*

ఆయన సామాను చిన్న చేతిసంచిలో సరిపోయింది. భూతద్దం, టీ కప్పు, నడుం వెనక పెట్టుకునే దిండు. ఆమె మెట్ల మలుపు దగ్గర పట్టుకుంది.

"ఎందుకలా చెప్పారు? అందరి ముందూ నన్ను అబద్ధాలకోరుని చేశారు."

"చేశాను" అన్నాడు.

"నామీద జాలా? నాకు పిల్లుందనా?"

"నీ పిల్ల సంగతి నీకు తెలుసు, నాకెందుకు?" సంచి మెట్టు మీద పెట్టి, రెయిలింగు పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "చూడమ్మాయ్, నువ్వు చెప్పినా నేను పోవడం ఖాయం. ఆ పేరు అక్కడ నాది. నాతోపాటు నువ్వూ పోతే ఆ చూడులు ఎవరు కడతారు? హెడ్డు కడతాడా? ఎవడో బయటి కంపెనీవాడికిస్తాడు. వాడు చదవకుండా మిషనుతో కట్టేస్తాడు. ఇంకో పేపరువాడు నవ్వుతాడు. పోనీ నవ్వితే నవ్వాడు, మాట వెతుక్కోవడానికొచ్చిన పిల్లాడికి తప్పు మాట దొరుకుతుంది. నేను నలభైయేళ్లు అది జరక్కుండా చూడ్డానికే కదా కూచున్నాను!"

"అంటే నన్ను పని కోసం ఉంచారు."

"మరి దేనికనుకున్నావు?" అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గానీ పెదవి అదిరింది. "చాలా స్వార్థం నాది. క్షమించు."

ఆమెకి కోపంగా ఉంది. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా ఉంది. సంచి తీసుకుని కింది దాకా వచ్చింది. గేటు దగ్గర ఆయన సంచి అందుకుని, "'త' అక్షరం దగ్గర జాగ్రత్త" అని చెప్పి, ట్రాఫిక్ తగ్గేదాకా ఆగి, రోడ్డు దాటి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

*

ఆమె కట్టింది. వారాల తరబడి, అక్షరం తర్వాత అక్షరం, ఒక్కొక్క చూడు తెరిచి, చదివి, ఆలోచించి కట్టింది. ఆఫీసులో ఎవరూ ఆమెతో ఎక్కువ మాట్లాడేవారు కాదు. కొందరికి ఆమె తెలివితక్కువది, కొందరికి మహా తెలివైనది. "ఏం నటించిందే బాబూ, లేచి నిలబడి!" అని టీ మిషను దగ్గర ఎవరో అంటుంటే విని, టీ పట్టుకోకుండానే వెనక్కి వచ్చేసింది. 'త' దగ్గర నిజంగానే ఆగిపోయింది. ఫోను చేద్దామని నంబరు దాకా వెళ్లి, ఏ మొహంతో చేస్తానులే అని పాత పుస్తకాలు తనే దించుకుంది. తేలేదాకా ముక్కు పుటకి ఆనించి చదివింది.

అన్నీ అయ్యాక హెడ్డు స్వయంగా ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో పర్మనెంటు ఉత్తర్వు. "మేడం చాలా మెచ్చుకున్నారు. ఒక్క చిన్న పని మిగిలింది" అన్నాడు.

ప్రతి అంకె పక్కనా, పైకి కనపడని ట్యాగులో, ఆ మాటని విడదీసిన మనిషి పేరు ఉంటుంది. సైటు తెరిస్తే మొదటి పేజీ అడుగున అదే పేరు కనపడుతుంది. 'సమరూప పదాల విభజన' అని, పక్కన అంకెలాయన పేరు.

"అది మార్చి మీ పేరు పెట్టెయ్యండి. అన్ని చోట్లా. ఆ పేరు ఉన్నంతకాలం పేపర్లవాళ్లు ఆ గొడవ తవ్వుతూనే ఉంటారు."

"విడదీసింది ఆయన సార్. నేను లింకులు కట్టానంతే."

"తెలుసండీ. కానీ ఇప్పుడు బాధ్యత మీది కదా."

"నేను మార్చను సార్" అంది. గొంతు పైకి రాలేదు గానీ మాట స్పష్టంగానే వచ్చింది.

హెడ్డు కోపగించుకోలేదు. "అర్థమైంది. మీకు ఇబ్బందిగా ఉంటుంది" అన్నాడు. "ఒక్క నిమిషం ఆ కుర్చీ ఇస్తారా?"

ఇవ్వకుండా కూచుని ఉండొచ్చు. కుర్చీ ఇవ్వనంటే ఆయన ఏం చేస్తాడు? ఆ ప్రశ్న ఆమెకి తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం పై ఆఫీసరు అడిగితే లేచే అలవాటు కొద్దీ లేచింది. ఆయన కూచుని, పాత పేరు ఒక గడిలో, ఆమె పేరు మరో గడిలో కొట్టి, 'అన్నీ మార్చు' అన్నదాని మీద నొక్కాడు. కంప్యూటరు రెండు క్షణాలు ఆలోచించి, పూర్తయిందని చెప్పింది. ఆయన ఉత్తర్వు కీబోర్డు మీద పెట్టి, "కంగ్రాట్స్" అని వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం ఆమె పాపకి తల దువ్వుతుంటే ఫోను మోగింది. అంకెలాయన.

"ఏమ్మాయ్, బాగున్నావా? ఇంట్లో ఊరికే కూచుంటే ఏం తోచదు కదా, సైటు తెరిచాను."

దువ్వెన ఆమె చేతిలో ఆగిపోయింది. "చూశారా మాస్టారూ?"

"చూశాను. పొద్దుట్నుంచీ అదే పని. నూరు చూశాను, ఏరు చూశాను. ఎక్కడివక్కడికి పోతున్నాయి. 'త'లో కూడా! నేను తేల్చలేక వదిలేసినదాన్ని కూడా తేల్చావే, భలేదానివి! నాకెందుకు తట్టలేదో అది." గొంతు నిండా సంతోషం. చాలాసేపు ఒక్కొక్క మాటా పేరు పెట్టి చెప్పుకుపోయాడు. ఆమె ఊ కొడుతూ, అడుగున ఉన్న పేరు ఆయన కంట పడకపోతే బాగుండునని లోలోపల మొక్కుకుంటోంది. ఆయన కంట ఏదీ పడకుండా పోదని తెలుసు.

చెప్పాల్సినవన్నీ అయిపోయాక ఆయన ఆగాడు. అవతల గొంతు సవరించుకోవడం వినిపించింది.

"అడుగున నీ పేరు కూడా చూశానమ్మాయ్" అన్నాడు. "అక్షరదోషం లేదు. సరిగ్గా వేశారు."

నేను మార్చలేదు మాస్టారూ అనాలనుకుంది. కుర్చీలోంచి లేచింది మాత్రం నేనే అని కూడా చెప్పాల్సి వస్తుంది. ఆ రెండు మాటలూ ఒకదాని వెనక ఒకటి అనడం ఆమెకి చేతకాలేదు.

"మరి ఉంటాను" అన్నాడు ఆయన. "పని చూసుకో."

ఫోను పెట్టేశాక పాప వెనక్కి తిరిగి, "అమ్మా, రెండో జడ వెయ్యవా?" అంది. ఆమె జుట్టు మూడు పాయలు తీసింది, వెయ్యబోయింది, చేతులు పట్టు తప్పాయి. అక్కా బావా లోపల ఉన్నారన్న సంగతి కూడా మర్చిపోయి, పిల్ల వీపు మీద మొహం ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది.